ఐరిష్ రాజవంశం సర్టిఫికెట్ ఇచ్చే ఆ డీఎన్‌ఏ కిట్ కొనకండి

ఇంకా కోపం తగ్గలేదు, రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి.

కంపెనీ పేరు రాయను. ఎక్కడైనా రాస్తే లీగల్ నోటీసు పంపిస్తామని ముందే మెయిల్ పెట్టి బెదిరించారు. ఆకుపచ్చ డబ్బా, దాని మీద బంగారు రంగు అక్షరాలు, సెయింట్ పాట్రిక్స్ డే వస్తోందంటే చాలు మనందరి ఫోన్లలో ప్రత్యక్షమయ్యే ఆ యాడ్. ఐర్లండ్‌లో, యూకేలో ఉన్నవాళ్ళకి ఈపాటికి అర్థమై ఉంటుంది. "మీ నాన్నగారిది ఏ రాజు వంశమో తెలుసుకోండి" అంటాడే, వాడే.

మావారిది వాయవ్య ఐర్లండ్‌లోని డోనెగల్. మామగారికి డెబ్బై నిండుతున్నాయి, ఆయనకి పూర్వీకుల చరిత్ర అంటే పిచ్చి, గిఫ్టుగా బాగుంటుందని నేనే ఆర్డర్ చేశాను. 249 యూరోలు. "ప్రీమియం వై క్రోమోజోమ్ ప్యాకేజీ" అట. (వై క్రోమోజోమ్ అంటే తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చేది.) పుల్లతో బుగ్గ లోపల రుద్ది పంపించాం. ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ వచ్చింది. మామగారు "తొమ్మిది మంది బందీల నియాల్" మహారాజు వంశస్థులట! పుట్టినరోజున చుట్టాలందరి ముందు విప్పాం. ఆయన సంతోషం ఇంతా అంతా కాదు, అప్పటికప్పుడు మేకు తెమ్మన్నారు.

ఆ ఫ్రేము చేతిలో ఉండగా వెనక అంటించిన కాగితం నా కంట పడింది. అక్కడితో మొదలైంది టెన్షన్.

నియాల్ అంటే 4, 5 శతాబ్దాల కాలం నాటివాడని ఐరిష్ గాథలు చెప్పే రాజు. 2006లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీ పరిశోధకులు వాయవ్య ఐర్లండ్‌లో దాదాపు ప్రతి ఐదుగురు మగవాళ్ళలో ఒకరికి ఒకే తరహా వై క్రోమోజోమ్ ఉన్నట్టు గుర్తించారు. నియాల్ పేరు చెప్పుకుని ఆ ప్రాంతాన్ని శతాబ్దాల పాటు ఏలిన ఉయ్ నీల్ రాజవంశం వల్ల అది అంతగా వ్యాపించి ఉండొచ్చని రాశారు. వాళ్ళు ఉండొచ్చు అని ఊరుకున్నదాన్ని మనవాడు బంగారు అక్షరాల్లో అచ్చేసి అమ్ముతున్నాడు. పోల్చి చూడటానికి నియాల్ ఎముకలు ఎవరికీ దొరకలేదు. ఆ తరహాని ఇప్పుడు ఎం222 అంటున్నారు. అది నియాల్ కంటే ముందే పుట్టిందని తర్వాతి లెక్కలు చెబుతున్నాయి.

పోనీ, ఆ ఎం222 అయినా మామగారికి ఉందా అంటే, దాన్ని అసలు పరీక్షించనే లేదు! కాగితం మీద ఉన్నది 12 మార్కర్ల (డీఎన్‌ఏలో ఒక్కో చోట ఒక చిన్న ముక్క ఎన్నిసార్లు తిరిగొస్తుందో చెప్పే అంకెల) పట్టిక, దాని కింద "ఆర్-ఎం269" అనే ఒక్క ముక్క. అంతే.

ఆర్-ఎం269 అంటే ఏంటో తెలియనివాళ్ళకి చెప్తాను. పశ్చిమ యూరప్ మగవాళ్ళలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే వై క్రోమోజోమ్ శాఖ అదే. పశ్చిమ ఐర్లండ్‌లో నూటికి ఎనభై మందికి పైనే ఉంటారు. వేల్స్‌లో, స్పెయిన్ బాస్క్ ప్రాంతంలో కూడా వాళ్ళే ఎక్కువ. రాత్లిన్ దీవిలో ఒక పబ్ దగ్గర బయటపడిన కంచు యుగం నాటి ముగ్గురు మగవాళ్ళ ఎముకల్లో కూడా ఇదే శాఖ కనిపించింది. వాళ్ళలో పాతవాడిది దాదాపు 4,000 ఏళ్ళ కిందటి మాట. నియాల్ తాతల తాతలు కూడా ఇంకా పుట్టలేదు. ఒక ఐరిష్ మనిషికి ఎం269 అని చెప్పి డబ్బులు తీసుకోవడమంటే, "నాయనా, నువ్వు తెలుగువాడివి" అని చెప్పి గోత్రం కనిపెట్టానని దక్షిణ అడగడమే.

ఎం269 కింద కొమ్మలు చాలా ఉన్నాయి. ఎల్21 ఐర్లండ్, వేల్స్, స్కాట్లండ్, ఫ్రాన్స్‌లో బ్రిటనీ వైపు ఎక్కువ (ఎం222 దీని కిందిదే). యు106 నెదర్లాండ్స్, ఉత్తర జర్మనీ వైపు. డీఎఫ్27 స్పెయిన్, పోర్చుగల్. యు152 ఆల్ప్స్ చుట్టుపక్కల, ఉత్తర ఇటలీలో. మనిషిది ఏ కొమ్మో చూస్తే అప్పుడు కాస్త ఏదైనా చెప్పొచ్చు. వీళ్ళు మానులోనే ఆగిపోయారు, పైన కిరీటం మాత్రం పెట్టేశారు. ఆ 12 అంకెల్లో కూడా డీవైఎస్ 390 అనే మార్కర్ దగ్గర 24, డీవైఎస్ 392 దగ్గర 13 ఉన్నాయి. ఎం222 వాళ్ళకి సాధారణంగా ఉండేవి 25, 14. మామగారికి వచ్చిన 24, 13 అయితే అట్లాంటిక్ తీరం పొడవునా లక్షల మందికి ఉండే మామూలు జత. అంటే సర్టిఫికెట్ ముందు వైపు రాసిందాన్ని వెనక వైపే ఒప్పుకోవడం లేదు. ఎమ్మెస్సీ బయోటెక్ చేసి నేను వెలగబెట్టింది ఏంటంటే, ఇదంతా డబ్బు కట్టాక చదవడం.

ఇక అసలు సంగతి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. మామగారు కూడా వింటానన్నారని స్పీకర్ పెట్టాను. (ఎందుకు పెట్టానో!) మొదట 180 యూరోలు కడితే "కన్ఫర్మేషన్ అప్‌గ్రేడ్" ఇస్తానన్నాడు. సర్టిఫికెట్ ఇచ్చేశాక ఇంకా కన్ఫర్మ్ చేసేదేంటని అడిగాను. మీ పట్టికలో అంకెలే మీ మాటకి అడ్డొస్తున్నాయి, 390 దగ్గర 24 ఉంటే నియాల్ ఎక్కడి నుంచి వచ్చాడు, చెప్పండి అన్నాను. ఒక నిమిషం ఏదో టైప్ చేసిన చప్పుడు. తర్వాత ఏమన్నాడో చూడండి:

"ఈ ఇంటిపేరు వాళ్ళంతా నియాల్ వంశమే మేడమ్. మీ మామగారు ఒక్కరే కాదంటే, తప్పు మా ల్యాబ్‌ది కాదు. ఆయన నాయనమ్మని అడగాల్సింది. ఆ రోజుల్లో పాలవాళ్ళు ఇంటింటికీ వచ్చేవాళ్ళు కదా."

అని నవ్వాడు. నవ్వాడండీ!

మామగారిని పెంచింది ఆ నాయనమ్మే. తాతగారు ఏటా దుంపలు తవ్వే పనికి స్కాట్లండ్ వెళ్ళిపోతే, ఇంత పొలం, ఇంటినిండా పిల్లలు, అన్నీ ఒక్కత్తే చూసుకున్న మనిషి. ఆయన ఆవిడ గురించి చెప్పని రోజు ఉండదు. ముఖం ఎర్రగా చేసుకుని "పెట్టేయ్ ఇక" అన్నారు. నేను పెట్టలేదు. మీ పేరేంటి, మీ మేనేజర్ ఎవరు అని అరిచాను. "ఇండియన్స్‌కి మా ఇంటిపేర్ల సంగతులు అర్థం కావులెండి" అని వాడే కట్ చేశాడు. నాకు అర్థం కాదు సరే, డోనెగల్‌లో పుట్టిన డెబ్బై ఏళ్ళాయనకి కూడా అర్థం కాదా? ముందు వైపు రాజవంశం, వెనక పాలవాడు, మధ్యలో నా 249 యూరోలు.

ఆ మాట అనడానికి 12 మార్కర్లతో ఎవడికీ ఆధారం ఉండదు. గాలహర్, డోహర్టీ, ఓ'డోనెల్ లాంటి ఇంటిపేర్లలో ఎం222 ఎక్కువే. ఎక్కువ ఉందంటే అందరికీ ఉందని కాదు కదా. ఐరిష్ ఇంటిపేర్లు స్థిరపడటం మొదలైందే 10, 11 శతాబ్దాల నుంచి. దొర పేరే కౌలుదారు పెట్టుకున్న సందర్భాలున్నాయి, మారుతండ్రి పేరు పిల్లాడికి వచ్చిన ఇళ్ళున్నాయి, పెంపకానికి తెచ్చుకున్న పిల్లలున్నారు, సంబంధం లేని రెండు కుటుంబాలకి ఒకే పేరు వచ్చినవీ ఉన్నాయి. ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ సంగతే చూడండి. 2012లో లెస్టర్ కారు పార్కింగ్ కింద ఎముకలు దొరికాయి. తల్లి వైపు డీఎన్‌ఏ కలిసింది. తండ్రి వైపు బంధువులని వంశవృక్షం చెప్పే నేటి వారసుల వై క్రోమోజోమ్ కలవలేదు. ఆ గొలుసు ఎక్కడో తెగింది. ఏ తరంలోనో మేము చెప్పలేమని అంత పెద్ద శాస్త్రవేత్తలే 2014లో రాశారు. కాల్ సెంటర్‌లో కూర్చున్న ఈయన మాత్రం పాలవాడిని పట్టేశాడు!

ఇంకో ముక్క. ఆర్డర్ పెట్టేటప్పుడే "ఇంట్లో ఆడపిల్లలకి సగం రేటుకి ఇదే కిట్" అని చూపించింది. ఆడవాళ్ళకి వై క్రోమోజోమే ఉండదు కదా, ఏం పరీక్షిస్తారు? అక్కడే ఆగాల్సింది. వెబ్‌సైట్‌లో ఏదో పొరపాటు అనుకున్నాను, నా మంచితనం తగలెయ్య.

రిఫండ్ అడిగితే "రిపోర్టు ఇచ్చేశాం కాబట్టి లేదు" అని ఒక లైను జవాబు. ల్యాబ్ ఇచ్చిన డేటా మొత్తం ఫైలుగా ఇవ్వమన్నాను, అది "ప్రొప్రైటరీ" అట. మామగారి ఉమ్మి, మా డబ్బు, డేటా వాళ్ళదట. శాంపిల్ నాశనం చేసి, డేటా తీసేసి, రాతపూర్వకంగా చెప్పమని మెయిల్ పెట్టాను. జీడీపీఆర్ (యూరప్ డేటా రక్షణ చట్టం) ప్రకారం జన్యు సమాచారం ప్రత్యేక రక్షణ ఉన్న డేటా, అలాంటి విన్నపానికి మామూలుగా నెలలోగా జవాబివ్వాలి. ఇంకా ఉలుకూ పలుకూ లేదు. గడువు దాటితే డేటా ప్రొటెక్షన్ కమిషన్‌కి ఫిర్యాదు పెడతాను. కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ వేశాను. వాళ్ళ పేజీలో పెట్టిన కామెంట్ డిలీట్ చేసి నన్ను బ్లాక్ చేశారు.

మీకు గానీ, మీ అత్తవారి వైపు గానీ ఈ సరదా ఉంటే, డబ్బు కట్టేముందు ఎన్ని మార్కర్లు, ఏ కొమ్మ దాకా చూస్తారు, డేటా ఫైలు ఇస్తారా అని రాతలో అడగండి. 12 అంటే వదిలేయండి. రాజు పేరు చెప్తే ఇంకా ముందు వదిలేయండి. ఐర్లండ్ వాళ్ళయితే 1901, 1911 జనాభా లెక్కలు నేషనల్ ఆర్కైవ్స్ సైట్లో, పాత కాథలిక్ చర్చి రిజిస్టర్లు నేషనల్ లైబ్రరీ సైట్లో ఉచితంగానే ఉన్నాయి. మామగారి నాయనమ్మ పేరు నాకు 1911 లెక్కల్లో పైసా ఖర్చు లేకుండా దొరికింది.

ఈ ఆకుపచ్చ డబ్బా ఇప్పటికే ఇంటికి వచ్చి, శాంపిల్ ఇంకా పంపనివాళ్ళు ఎవరైనా ఉంటే, పంపకండి. సీలు తీయకుండా ఈరోజే క్యాన్సిల్ మెయిల్ పెట్టండి, కాపీ దాచుకోండి.