థంబ్‌నెయిల్ నమ్మాలా, అసలు ప్రకటన చదవాలా?

తిరుపతిలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ, కథ అల్లుకుంటూ ఆడే ఆట) ఆడే కుర్రాళ్లకు ఆట కబుర్లు రెండు దారుల్లో చేరతాయి: "అంతా అయిపోయింది!" అని ఎర్ర అక్షరాలతో అరిచే వీడియో, లేదా ఆటను తెచ్చే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీ ప్రకటన.

2023 జనవరి సంగతే చూడండి. ఈ ఆట నియమాలతో బయటివాళ్లు సొంత పుస్తకాలు చేసి అమ్ముకోనిచ్చే ఓపెన్ గేమ్ లైసెన్సు కొత్త ముసాయిదా బయటికి పొక్కింది. 25 శాతం రాయల్టీ మాట అందులో నిజంగానే ఉంది. కానీ అది ఏడాదికి 7,50,000 డాలర్లు దాటిన రాబడి మీదే. బాలాజీ కాలనీ గదిలో కూర్చుని నోట్‌బుక్‌లో సొంత కథ, మ్యాపులు గీసుకునే కుర్రాడి జోలికి ఆ రాయల్టీ రాదు. ఆట వెబ్‌సైటు డీ అండ్ డీ బియాండ్‌కు నెల చందా 30 డాలర్లన్న పుకారునైతే కంపెనీ ఖండించింది.

వీడియోకున్న బలం వేగం, కాదనను. గొడవ రేగిందని ముందుగా చెవిన వేసేది అదే. అభిమానులు గట్టిగా నిలదీశారు కాబట్టే ఆ నెలాఖరుకు కంపెనీ వెనక్కి తగ్గింది. పాత 1.0ఏ లైసెన్సును అలాగే ఉంచి, మూల నియమాల పత్రం ఎస్‌ఆర్‌డీ 5.1ను ఎవరైనా ఉచితంగా వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద వదిలింది. ఇక దాన్ని వెనక్కి తీసుకునే వీల్లేదు. ఇంత మంచి కబురుకు భయపెట్టే థంబ్‌నెయిల్ కుదరదు కదా!

నా ఓటు ప్రకటనకే. వీడియో చూసినా సరే, కింద మూలం లింకు లేకపోతే గ్రూపులో ఫార్వర్డ్ చేయకండి.