పదహారు ప్రశ్నల కాగితం: మూడు సీఈ గంటల్లో చేతికి మిగిలింది

న్యూజెర్సీలో కౌన్సెలర్ లైసెన్సు ఉన్నవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. రెండేళ్లకు 40 సీఈ గంటలు (కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్, అంటే లైసెన్సు నిలబెట్టుకోవడానికి చేయాల్సిన చదువు), అందులో ఎథిక్స్‌కి 5, సామాజిక-సాంస్కృతిక అంశాలకు 3. కౌన్సెలర్ల జాతీయ ధ్రువీకరణ బోర్డు ఎన్‌బీసీసీ సర్టిఫికెట్ కూడా ఉంటే దానికి ఐదేళ్లకు 100. ఆ 3 గంటల కోటా నింపడం అన్నిటికన్నా తేలిక. ఒక పక్క వీడియో నడుస్తుంటే ఇంకో పక్క పప్పు పోపు పెట్టుకోవచ్చు, చివర్లో క్విజ్ కొట్టేసి సర్టిఫికెట్ దింపుకోవచ్చు. తీరా ఎడిసన్‌లోనో ఐసెలిన్‌లోనో ఒక తెలుగు క్లయింట్ వచ్చి ఎదురుగా కూర్చుంటే, ఆ మూడు గంటల్లోంచి ఒక్క వాక్యం కూడా నోటికి రాదు.

రాకపోవడానికి కారణం ఉంది. ఈ కోర్సుల్లో ఎక్కువ భాగం జాతుల వారీ జాబితాలు. ఆసియా క్లయింట్లు పెద్దల మాట జవదాటరు, కళ్లలోకి సూటిగా చూడరు, మనసులో బాధను ఒంటి నొప్పిగా చెప్తారు అని ఒక స్లైడు. టోక్యో నుంచి తెనాలి దాకా అందరికీ అదే స్లైడు. ఇది విసుగుతో పోయేది కాదు, నష్టం చేస్తుంది. జాబితా బుర్రలో ఉన్న కౌన్సెలర్ అడగడం మానేస్తారు. తలనొప్పి అనగానే 'ఇది మనసుదే' అని రాసేసుకుని, థైరాయిడ్, బీ12 చూపించుకున్నారా అని కూడా అడగరు. 'వీళ్లకు కుటుంబమే ముఖ్యం' అని గుర్తొచ్చి, ఇంట్లో చేయి చేసుకునే అలవాటు ఉందో లేదో తెలుసుకోకుండానే భర్తను సెషన్‌కి పిలుస్తారు.

కాబట్టి ఈ సమీక్ష ఏ కోర్సు గురించీ కాదు. అలాంటి ఒక కోర్సు చివర జతచేసి ఇచ్చిన కాగితాల గురించి: కల్చరల్ ఫార్ములేషన్ ఇంటర్వ్యూ, వాడుకలో సీఎఫ్‌ఐ. క్లయింట్ తన సమస్యను తన సంస్కృతి, కుటుంబం కోణంలోంచి ఎలా చూస్తున్నారో తెలుసుకోవడానికి అడిగే పదహారు ప్రశ్నలు అవి. 2013లో మానసిక రుగ్మతల నిర్ధారణ పుస్తకం డీఎస్‌ఎం-5తో పాటు వచ్చింది, 2022 నాటి సవరణ ప్రతిలోనూ ఉంది. తయారుచేసేటప్పుడు భారతదేశంతో సహా ఆరు దేశాల్లో వాడి చూశారు. పుస్తకం కొననక్కర్లేదు, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ఉచితంగానే దింపుకోనిస్తుంది. చాలాకాలంగా నా తెలుగు క్లయింట్ల ఇన్‌టేక్ (మొదట్లో వివరాలు అడిగి రాసుకునే దశ) ఫైళ్లలో పైకాగితం ఇదే.

మొత్తం పదహారింటిలో రెండో ప్రశ్న ఒక్కటి చాలు ఈ కాగితానికి దండం పెట్టడానికి.

మొదటి ప్రశ్న మామూలుదే, ఏ ఇబ్బందితో వచ్చారని. రెండోది దాన్ని తిప్పి అడుగుతుంది: ఇదే విషయం మీ ఇంట్లోవాళ్లకో స్నేహితులకో చెప్పాలంటే ఏమని చెప్తారు? తెలుగులో అడిగితే జవాబు ఇలా వస్తుంది: "అమ్మకైతే చెప్పలేదండి. థైరాయిడ్ వల్ల నీరసం అన్నాను." అక్కడితో ఆపకుండా "మరి మీ ఆయనకి?" అనాలి. "నిద్ర పట్టట్లేదని మాత్రమే తెలుసు." "ఆఫీసులో?" "వాళ్లకి మైగ్రేన్." ఒక్క ప్రశ్నకు మూడు జవాబులు. ఎవరికి ఎంత తెలుసు, ఎవరి దగ్గర ఏది దాస్తున్నారు, దాచిపెట్టడానికి ఎంత శక్తి ఖర్చవుతోంది అన్నది అయిదు నిమిషాల్లో బయటపడుతుంది. ఆ దాపరికం కూడా జబ్బులో భాగమేనని చాలాసార్లు క్లయింట్‌కే అప్పుడు తడుతుంది. కుటుంబాన్ని ఎప్పుడు కలుపుకోవాలి, అసలు కలుపుకోవచ్చా అన్న నిర్ణయానికి ఇంతకంటే మంచి ఆధారం ఇన్‌టేక్‌లో దొరకదు.

దీనికి తోడు ఇంకో చిన్న సదుపాయం ఉంది. తర్వాతి ప్రశ్నల్లో 'సమస్య' అన్న చోటల్లా బ్రాకెట్ ఉంటుంది, క్లయింట్ వాడిన మాటనే అందులో పెట్టి అడగమని సూచన. 'మనసు బాగోలేదు' అన్నారా, అదే. 'నరాల వీక్‌నెస్' అన్నారా, అదే. డిప్రెషన్ అని మనంతట మనం మార్చకూడదు. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కి డయాగ్నోసిస్ కోడ్ ఎలాగూ వేయాలి, కానీ అది ఫారం పని, గదిలో మాట్లాడే మాట కాదు. కాగితంలో ఎడమవైపు కాలమ్‌లో ఇంటర్వ్యూ చేసేవాళ్లకు సూచనలు, కుడివైపు ప్రశ్నలు ఉంటాయి. కోర్సుల్లో కుడివైపు మాత్రమే చదివి వినిపిస్తారు. పని నేర్పేది ఎడమ కాలమ్.

అయిదో ప్రశ్న కూడా బంగారమే: ఇది ఎందుకొచ్చిందని మీవాళ్లు అనుకుంటున్నారు? ముందు నాలుగో ప్రశ్నలో 'మీరేమనుకుంటున్నారు' అని అడుగుతాం, అక్కడ అందరూ చదువుకున్న జవాబే ఇస్తారు: పని ఒత్తిడి, హార్మోన్లు, లేఆఫ్ భయం. 'మీవాళ్లు' అనగానే అసలుది వస్తుంది. దిష్టి తగిలిందనో, ఎవరో ఏదో చేయించారనో, ఏలినాటి శని అనో. అమ్మ మీదో అత్త మీదో పెట్టి చెప్తారు గానీ, సగం తమ మాటే.

ఏలినాటి శని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే దీన్ని ఏ కోర్సూ నేర్పదు. అది ఏడున్నరేళ్ల లెక్క. జాతకం చూసినవాళ్లు 'ఫలానా నెల దాటితే తేలిపోతుంది' అని తేదీ చెప్పి ఉంటారు. "ఎప్పటితో అయిపోతుందన్నారు?" అని అడిగి, ఆ నెలను చార్టులో రాసుకోవాలి. ఆ తేదీ వరకు క్లయింట్‌ని నిలబెట్టే ఆశ అది. కాబట్టి వాదించి పడగొట్టడం తెలివితక్కువ పని. కానీ తేదీ దాటిపోయి ఏమీ మారకపోతే ఆ ఆశ ఒక్కసారిగా కూలుతుంది. ఆ వారాల్లో ఆత్మహత్య ఆలోచనల గురించి మళ్లీ అడగడానికి అపాయింట్‌మెంట్ ముందే పెట్టుకోవాలి. సీఎఫ్‌ఐలో ఆత్మహత్య ప్రమాదాన్ని తూచే ప్రశ్న లేదు. దాన్ని విడిగా చేయాల్సిందే, ఈ పదహారూ నింపేశాం కదా అని వదిలేయడానికి లేదు.

పన్నెండో ప్రశ్న ఇంతవరకు ఎక్కడెక్కడ సాయం కోసం వెళ్లారని. ఊరికే అడిగితే 'ఎక్కడికీ లేదండి' అంటారు. కౌన్సెలర్ ముందే తేలిగ్గా పేర్లు చెప్పాలి: హోమియో, ఆయుర్వేదం, గుడిలో పూజ, ఇంట్లో హోమం, తాయెత్తు, దర్గా, చర్చిలో ప్రార్థన. ఇండియా నుంచి తెప్పించుకుంటున్న మాత్రలేమైనా ఉన్నాయా అన్నది ఇక్కడే కలపాలి. సూట్‌కేసులో వచ్చిన నిద్రమాత్రల సంగతి ఇక్కడి ప్రైమరీ కేర్ డాక్టర్‌కి తెలియకపోవచ్చు.

ఇక మొరాయించే చోటు. ఎనిమిది, తొమ్మిది, పది.

ఎనిమిదో ప్రశ్నకు ముందు ఒక పీఠిక ఉంటుంది: మనిషి నేపథ్యం, గుర్తింపు సమస్యను పెంచవచ్చు, తగ్గించవచ్చు, నేపథ్యం అంటే మీరు చెందిన సమాజాలు, భాషలు, మీ కుటుంబం ఎక్కడిది, జాతి, లింగం, మతం వగైరా. ఆ తర్వాత, మీ నేపథ్యంలో మీకు అన్నిటికన్నా ముఖ్యమైనదేది అని ప్రశ్న. తొమ్మిది, పది దాన్నే పట్టుకుని సాగుతాయి. తెల్ల కౌన్సెలర్ అడిగితే ఇది మర్యాదైన ఆసక్తిలా వినిపిస్తుంది. తెలుగు కౌన్సెలర్ తెలుగు క్లయింట్‌ని అడిగితే వినిపించేది ఒక్కటే: మీరేమిట్లు, అంటే మీ కులమేమిటి?

అంతే, గది బిగుసుకుపోతుంది. "మాది గుంటూరు దగ్గరండి" అని చిన్న జవాబు ఇచ్చి ఊరుకుంటారు. అప్పటిదాకా ధారాళంగా మాట్లాడినవాళ్లు 'అవునండి, లేదండి'లోకి దిగిపోతారు. ఇంటిపేరు విన్నప్పుడే ఇద్దరూ ఒకరి గురించి ఒకరు సగం లెక్క వేసుకుని ఉంటారు. ఈ ప్రశ్నతో ఆ లెక్క మాటల్లోకి వచ్చేస్తుంది. దళిత క్లయింట్‌కైతే ఇది మరీ బరువు. అమెరికా వచ్చాక జాగ్రత్తగా చెప్పకుండా నెట్టుకొస్తున్న విషయాన్ని లైసెన్సున్న మనిషి ఫారం పట్టుకుని అడిగినట్టుంటుంది. కులాంతర వివాహం వల్లే ఇల్లు రెండుగా చీలిన కేసులో మనకు కావలసిన సమాచారం సరిగ్గా ఇక్కడే ఉంటుంది, సరిగ్గా ఇక్కడే తలుపు మూసుకుంటుంది.

లోపం ప్రశ్నలో కన్నా దాని వెనక ఊహలో ఉంది. అడిగేవారు బయటివారు, చెప్పేవారు వేరే సంస్కృతివారు అన్న ఊహ అది. సీఈ కోర్సులు దాన్నే రెట్టింపు చేస్తాయి: 'వైవిధ్యం' ఎప్పుడూ క్లయింట్‌దే, కౌన్సెలర్‌ది కాదు. ఇద్దరూ ఒకే జిల్లావాళ్లయితే ఏం చేయాలో ఎక్కడా ఉండదు. సియాటిల్ నగరం 2023లోనే కులవివక్షను పేరుపెట్టి నిషేధించింది. స్లైడ్లు తయారుచేసేవాళ్లకు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

వాడగా వాడగా కుదిరిన సర్దుబాటు ఇది. ఈ మూడు ప్రశ్నల్ని మొదటి సెషన్‌లో అడగకూడదు. ఎదురైన అడ్డంకుల గురించిన పదమూడో ప్రశ్న అయ్యాక, రెండో సెషన్‌కి జరపాలి. అడిగే ముందు సూటిగా చెప్పేయాలి: "నేనూ తెలుగే కాబట్టి ముందే చెప్తున్నాను, మీ ఊరు, కులం, మీరు ఎవరి తాలూకు అన్నవి అడగడం లేదు. చెప్పాలనిపిస్తే చెప్పండి, లేకపోతే లేదు." తర్వాత 'మీకు ముఖ్యమైనదేది' అనకుండా, పర్యవసానం వైపు నుంచి రావాలి: "మీ గురించి ఏదైనా తెలిస్తే మీతో జనం నడిచే తీరు మారిపోతుందని అనిపించే చోటు ఉందా? ఆఫీసు, అపార్ట్‌మెంట్, గుడి, పిల్లల బడి?" దీనికి కులం జవాబుగా రావచ్చు, వీసా రావచ్చు, విడాకులు రావచ్చు, పిల్లలు లేకపోవడం రావచ్చు. ఏది వస్తే అదే వాళ్లకు ముఖ్యమైనది, ఎనిమిదో ప్రశ్నకు కావలసిందీ అదే. చికిత్సకు అవసరమైతే తప్ప కులం పేరు ప్రోగ్రెస్ నోట్‌లో రాయకపోవడం మంచిది. ఆ నోట్ రికార్డు అడిగినవాళ్ల చేతికి వెళ్లగలదు. విడిగా ఉంచుకునే సైకోథెరపీ నోట్స్‌కి ఆరోగ్య సమాచార గోప్యత చట్టం హిపా (HIPAA) కింద ఎక్కువ రక్షణ ఉంది.

పదహారో ప్రశ్ననూ తలకిందులు చేయాల్సిందే. నేపథ్యాలు వేరైనందువల్ల డాక్టరూ రోగీ ఒకరినొకరు అపార్థం చేసుకోవచ్చు అని మొదలవుతుంది అది. ఇక్కడ భయం వేరు: నేపథ్యం ఒకటే అయినందువల్ల విషయం బయటికి పాకుతుందేమోనని. "మనిద్దరం ఒకచోటివాళ్లమని మీరు చెప్పకుండా ఆపుకుంటున్నది ఏమైనా ఉందా?" అని అడిగి, వెంటనే నియమం చెప్పాలి: బ్రిడ్జ్‌వాటర్ గుళ్లోనో ఉగాది ఫంక్షన్‌లోనో ఎదురుపడితే ముందుగా నేను పలకరించను, మీరు పలకరిస్తే మామూలుగా నమస్కారం పెడతాను, ఎలా పరిచయమని ఎవరడిగినా జవాబు మీ ఇష్టం. దీన్ని ఆఖర్న కాకుండా మొదటి పది నిమిషాల్లోనే చెప్తే మిగతా ప్రశ్నలన్నీ సాఫీగా నడుస్తాయి.

పైన రెండో ప్రశ్నను అంతగా మెచ్చుకున్నాను గానీ, అది గదిలో ఇద్దరే ఉన్నప్పటి మాట. వీడియో సెషన్‌లో పక్కగదిలో అత్తమామలుంటే 'ఇంట్లో ఏమని చెప్తారు' అన్న ప్రశ్న అక్కడే చచ్చిపోతుంది. ముందు అవును-కాదుల్లో తేల్చుకోవాలి: పక్కన ఎవరైనా ఉన్నారా, తలుపు వేసి ఉందా. ఇయర్‌ఫోన్లు పెట్టించాలి, సున్నితమైన జవాబులు చాట్‌లో టైప్ చేయించాలి. లేదంటే క్లయింట్ పార్కింగ్‌లో కారులో కూర్చుని మాట్లాడటమే నయం. ఏ ఊళ్లో ఉన్నారో కూడా ప్రతిసారీ అడగాలి. సెలవులకు హైదరాబాద్ వెళ్లి అక్కడినుంచి లాగిన్ అయితే ఇక్కడి లైసెన్సు అక్కడ చెల్లుతుందనుకోవడానికి లేదు.

కాలం సంగతి కూడా. పదహారూ పావుగంట, ఇరవై నిమిషాల్లో అయిపోతాయని కోర్సులో చెప్తారు. తెలుగులో అలా కావు. అయిదో ప్రశ్నకు జవాబు బదులు వంశవృక్షం వస్తుంది, మధ్యలో ఆపితే అమర్యాద. రెండు సెషన్లకు పంచుకోవడమే దారి: మొదటిసారి ఒకటి నుంచి ఏడు దాకా, దానితోపాటు పదమూడు.

పదమూడును ముందుకు లాగడానికి కారణం ఇన్సూరెన్స్. హెచ్4 డిపెండెంట్ వీసా మీద ఉన్న భార్యలు చాలామంది భర్త పాలసీలోనే ఉంటారు. సెషన్ అయ్యాక కంపెనీ పంపే ఖర్చుల వివరం, అదే ఈఓబీ, పాలసీదారు పేరుకు వెళ్తుంది. ఎవరికీ తెలియకుండా వచ్చామనుకున్న మనిషి సంగతి ఆ కవరుతో బయటపడుతుంది. ఇంట్లో ప్రమాదం ఉందని రాసిస్తే వేరే చిరునామాకు పంపమని ప్లాన్‌ను కోరే హక్కు హిపాలో ఉంది. ఆ ఉత్తరం మొదటి క్లెయిమ్ వేయకముందే వెళ్లాలి, తర్వాత పంపి లాభం లేదు.

కుటుంబసభ్యుల కోసం విడిగా పదిహేడు ప్రశ్నల రూపం ఉంది. ఇండియా నుంచి తల్లిదండ్రులు వచ్చి ఉన్నప్పుడు బాగా పనికొస్తుంది, అయితే ముందు క్లయింట్ సంతకంతో అనుమతి పత్రం ఉండాలి, క్లయింట్ గదిలో లేనప్పుడు అడగాలి. పన్నెండు అనుబంధ మాడ్యూళ్లలో వలసవచ్చినవాళ్లదీ, పెద్దవయసువాళ్లదీ తప్ప మిగతావి ఇక్కడ పెద్దగా వాడకంలోకి రాలేదు. బడి కౌన్సెలర్లకు పిల్లల మాడ్యూల్ మీద వేరే అభిప్రాయం ఉండొచ్చు.

కొనాలా వద్దా అన్న ప్రశ్న కాగితానికి లేదు, అది ఉచితం. ఊరికే దింపుకుని చదివితే సీఈ గంటలు మాత్రం రావు. ఆమోదం ఉన్న సంస్థ కోర్సే చేయాలి. డబ్బు కట్టేముందు రెండు చూసుకోవాలి: ఆ గంటలను మీ బోర్డు ఎథిక్స్‌లో కాక సాంస్కృతిక కోటాలోనే లెక్కవేస్తుందా, కోర్సులో సీఎఫ్‌ఐని ముగ్గురేసి జట్లుగా చేయిస్తారా. ఒకరు క్లయింటు, ఒకరు కౌన్సెలరు, మూడోవారు ఎడమ కాలమ్ పట్టుకుని తప్పులు చూసేవారు. వీడియో మాత్రమే ఉంటే తక్కువ ధరది తీసుకోండి, తేడా ఉండదు.

ఈ మాటలన్నీ సొంత ప్రాక్టీసు, ఎక్కువగా తెలుగు క్లయింట్లు, ఇన్‌టేక్‌కి రెండు సెషన్లు తీసుకునే వెసులుబాటు ఉన్న చోటు నుంచి. గంటగంటకూ బిల్లింగ్ లెక్క అడిగే ఏజెన్సీలో పదహారు ప్రశ్నలు అడగనివ్వరు. అక్కడైతే రెండు, అయిదు, పదమూడు అడిగి, ఎనిమిదిని వదిలేయండి.