హోండా ఎస్2000: పదేళ్లు, 52 వేల మైళ్లు నడిపాక

2014 మార్చిలో 15,500 డాలర్లకు కొన్నాను. 2003 మోడల్, వెండి రంగు, ఓడోమీటర్ మీద 61,000 మైళ్లు. ఇప్పుడు 113,000. పోయిన నెల ఒకతను వచ్చి చూసి 22,500 ఇస్తానన్నాడు. నేను అమ్మకానికి పెట్టనే లేదు. అదే 2014లో ఇంటి అవసరానికి 33,000 పెట్టి కొత్త ఎస్‌యూవీ కొన్నాం, ఎనిమిదేళ్లు వాడి 11,000కి ఇచ్చేశాం. ఈ రెండు లెక్కలూ విన్న స్నేహితులు "అయితే పాత స్పోర్ట్స్ కారు కొంటే లాభమేనన్నమాట" అంటున్నారు. ఆ మాట నమ్మి ఎవరూ దిగకూడదనే ఇది రాస్తున్నాను. ఇదే మోడల్, ఇదే సంవత్సరం కారు కొని చేతులు కాల్చుకున్నవాళ్లు డాలస్‌లోనే నాకు ఇద్దరు తెలుసు. తేడా అంతా కొన్న రోజున ఏం చూశామన్న దాంట్లో ఉంది.

ముందు కారు సంగతి. హోండా తన 50 ఏళ్ల సందర్భం చూసుకుని తలపెట్టి, 1999లో అమ్మకానికి తెచ్చిన రెండు సీట్ల ఓపెన్ కారు ఇది. హోండాదే అయిన స్పోర్ట్స్ కారు ఎన్‌ఎస్‌ఎక్స్‌కి పెద్ద ఇంజనీరుగా ఉన్న షిగెరు ఉఎహారాయే దీనికీ పెద్ద. 2009లో తయారీ ఆపేశారు. ప్రపంచం మొత్తం మీద లక్షా పదివేల పైచిలుకు చేశారు, అంతే. ఆరు గేర్ల మాన్యువల్ ఒక్కటే, ఆటోమేటిక్ అసలు చేయలేదు. ఏపీ1 అనే మొదటి రకంలో (నాదీ అదే) 2.0 లీటర్ల ఇంజను, టర్బో లేకుండానే అమెరికా మోడల్‌లో 240 హార్స్‌పవర్, తిరుగుడు 9,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాకా. పొగ నిబంధనలు ఇంతగా బిగిశాక మామూలు మనిషి కొనే ధరలో ఇలాంటి ఇంజను మళ్లీ వస్తుందని నేను అనుకోను. ధర పడకపోవడానికి అది ఒక కారణం. ఇంకోటి, ఉన్నవాటిలో చాలా భాగం పాడైపోవడం. గుద్దినవి, టర్బోలు బిగించినవి, సస్పెన్షన్ మార్చి నేలకు దించినవి, ఎయిర్‌బ్యాగులూ సీట్లూ దొంగలు పట్టుకుపోయినవి. ఫ్యాక్టరీలో ఎలా పుట్టిందో అలాగే ఉన్న కారు ఏటేటా తగ్గుతోంది. అందుకే చెబుతున్నాను: రెండు వేలు ఎక్కువైనా సరే, ఎవరూ చెయ్యి పెట్టని కారే కొనండి. ముందటి ఓనరు ఐదు వేలు పోసి పెట్టించిన చక్రాలకీ సైలెన్సర్‌కీ తిరిగి అమ్మేటప్పుడు ఐదు డాలర్లు కూడా రావు, పైగా అసలు సామాను ఎక్కడా అని అడుగుతారు.

నేను మూడు కార్లు చూశాను. మొదటిది ఒక డీలర్ దగ్గర. అద్దంలా మెరుస్తోంది, పాత ప్రమాదాలు చూపే హిస్టరీ రిపోర్టు కడిగిన ముత్యంలా ఉంది. ఈ కారుతో కొనేవాడికి ఒక వెసులుబాటు ఉంది: బానెట్, డిక్కీ మూత, తలుపులు, ఫెండర్లు, బంపర్లు అన్నిటి మీదా ఫ్యాక్టరీలోనే విన్ నంబరు (కారు గుర్తింపు సంఖ్య) స్టిక్కర్లు అంటించి పంపారు. చిన్న టార్చి, పావుగంట ఓపిక ఉంటే చాలు. ఆ కారుకి కుడి ఫెండర్ లోపల స్టిక్కరు ఉండాల్సిన చోట నున్నటి పెయింటు తగిలింది వేలికి. బానెట్ మీద స్టిక్కరే లేదు. అంటే ముందు కుడి మూల ఎప్పుడో గట్టిగా తగిలింది, ఇన్సూరెన్స్‌కి చెప్పకుండా సొంత డబ్బుతో బాగు చేయించారు, కాబట్టి రిపోర్టులోకి ఎక్కలేదు. సేల్స్‌మన్‌ని అడిగితే తనకు తెలియదన్నాడు. దండం పెట్టి వచ్చేశాను. రెండోది నేలకు దించిన కారు, దాని గురించి చెప్పడానికేమీ లేదు.

మూడోది ఫోర్ట్ వర్త్‌లో ఒక రిటైర్డ్ ఇంజనీరుది. ఆయన కారు కన్నా ముందు ఫైలు చూపించాడు. కొన్న రోజు నుంచి ప్రతి ఆయిల్ మార్పూ, ప్రతి టైరూ, తేదీ, మైళ్లు, చేతిరాతతో. స్టిక్కర్లన్నీ ఉన్నాయి. అయినా నేను వంద మైళ్ల దూరంలో ఉన్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తానంటే ఒప్పుకున్నాడు, తనే నడుపుకుంటూ వచ్చాడు.

ఆ తనిఖీకి 300 డాలర్లు అయ్యాయి. నా జీవితంలో కారు మీద పెట్టిన డబ్బులో అంత సద్వినియోగం అయింది మరొకటి లేదు. ఎందుకంటే ఈ ఇంజనుకి ఉన్న అసలు ప్రమాదం పైకి కనిపించదు. గట్టిగా నడుపుతూ మూడో గేరు నుంచి నాలుగుకి వేయబోయి పొరపాటున రెండులో వేస్తే, చక్రాలే ఇంజనుని బలవంతంగా 9,000 దాటించి తిప్పేస్తాయి. రెవ్ లిమిటర్ పెట్రోలు ఆపగలదు గానీ చక్రాలని ఆపలేదు కదా. అప్పుడు వాల్వు స్ప్రింగుని పట్టుకుని ఉండే రిటెయినర్లు చిట్లుతాయి. ఏపీ1లో ఇది బాగా తెలిసిన సంగతి. ఆ రోజుకి కారు బాగానే నడుస్తుంది. ఏడాదికో రెండేళ్లకో రిటెయినర్ విరిగి, వాల్వు పిస్టన్ మీద పడి, ఇంజను మొత్తం పోతుంది. అందుకని వాల్వ్ కవర్ విప్పి పదహారు రిటెయినర్లూ టార్చి వేసి చూడాలి, సిలిండర్లలో ఒత్తిడి చూసే కంప్రెషన్ పరీక్ష చేయించాలి. నాలుగు సిలిండర్లకీ దాదాపు ఒకే అంకె రావాలి, మాకు వచ్చింది. నేను చెప్పిన ఇద్దరిలో ఒకతను ఈ 300 మిగుల్చుకున్నాడు. ఇంజనుకి 6,000 పైన పెట్టాడు.

నడపడం ఎలా ఉంటుందో చెప్పకపోతే ఇదంతా వడ్డీ లెక్కలా ఉంటుంది. 6,000 లోపు ఇది మామూలు హోండా. ట్రాఫిక్‌లో ఇంకా నీరసంగా ఉంటుంది, టార్క్ (లాగే బలం) తక్కువ. 6,000 దగ్గర వీటెక్ (వాల్వులని ఇంకా ఎక్కువ తెరిచే హోండా ఏర్పాటు) అందుకోగానే గొంతు మారిపోతుంది. గురక లాంటి చప్పుడు కేకగా మారి, ఇంకా మూడు వేలు మిగిలే ఉంటాయి. గేరు లివరు పొట్టిగా, మణికట్టు తిప్పితే చాలన్నట్టు పడుతుంది, తుపాకీ బోల్టు పడ్డట్టు "టక్" మని. పదేళ్లలో ఎన్నో కార్లు నడిపాను, ఇంత బాగా పడే గేర్‌బాక్స్ నా చేతికి తగల్లేదు. టెక్సస్ హిల్ కంట్రీలో వాండర్‌పూల్ నుంచి లేకీ వెళ్లే 337 రోడ్డు మీద, నవంబరు పొద్దున, టాప్ తీసి, రెండూ మూడూ గేర్లలోనే ఒక గంట. దాని కోసమే డాలస్ నుంచి ఆరు గంటలు వెళ్తాను, ఏటా వెళ్తాను. ఆ వెళ్లే ఆరు గంటలు మాత్రం కష్టం: 75 మైళ్ల వేగంలో ఆరో గేరులో కూడా ఇంజను 4,000 దగ్గర తిరుగుతూ ఉంటుంది, పక్కన కూర్చున్నవాళ్లతో మాట్లాడాలంటే గొంతు పెంచాలి. డిక్కీలో 20 పౌండ్ల సోనా మసూరి బస్తాలు రెండు, కూరగాయల సంచి ఒకటి పడతాయి, ఆపైన మూత పడదు. పొడుగు మనుషులైతే కొనేముందు టాప్ మూసి కూర్చుని చూసుకోండి.

వానలో జాగ్రత్త. కొన్న మొదటి ఏడాదే, ఫ్రీవే ర్యాంపు మీద, వేగం పెద్దగా లేకుండానే వెనక చక్రాలు జారి కారు అడ్డం తిరిగింది. ఏమీ తగల్లేదు, అదృష్టం. టైర్లకి గాడులు బాగానే ఉన్నాయి కాబట్టి నేను మార్చలేదు. ఇంటికొచ్చి పక్క గోడ మీద ఉన్న నాలుగు అంకెలు చూస్తే 2307. అంటే 2007లో 23వ వారం చేసిన టైర్లు, రబ్బరు గట్టిపడిపోయింది. ఏపీ1లో జారకుండా పట్టే ఎలక్ట్రానిక్ సాయం ఏదీ లేదు, అది 2006 మోడల్ నుంచి వచ్చింది. ఇప్పుడు గాడులతో పని లేకుండా ఐదేళ్లకి టైర్లు మార్చేస్తాను.

ఇక 2017 సంగతి. పొద్దున్నే స్టార్ట్ చేస్తే 2,000 ఆర్‌పీఎం దగ్గర ముందు వైపు చప్పుడు మొదలైంది, సైకిల్ స్పోకులకి అట్టముక్క తగిలినట్టు. ఒక వర్క్‌షాపుకి తీసుకెళ్తే ఇంజను విప్పాలి, 2,800 అవుతుందన్నారు. ఆ వేసవిలో మా నాన్న వచ్చి ఉన్నారు. ఆర్టీసీలో 28 ఏళ్లు బస్సు నడిపిన మనిషి, గుంటూరు డిపో. గ్యారేజీలోకి వచ్చి, పొడుగు స్క్రూడ్రైవర్ ఒకటి అడిగి, మొన ఇంజనుకి ఆనించి పిడి చెవికి పెట్టుకున్నారు. ఒక్కో చోటే జరుపుతూ వింటున్నారు. ముందు కుడి పక్కకి రాగానే ఆగి, "ఇక్కడే అబ్బాయ్. లోపల గొలుసు బిగువు తప్పింది" అన్నారు. నిజానికి ఈ ఇంజనుకి టైమింగ్ చెయిన్ టెన్షనర్ వదులవడం అందరికీ తెలిసిన జబ్బే, అది ఉండేదీ అక్కడే, రెండు బోల్టులు. సామాను 150 డాలర్లు, పని గంటన్నర. నాన్న లైటు పట్టుకున్నారు. మళ్లీ ఇప్పటిదాకా ఆ చప్పుడు రాలేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. బట్ట టాప్ వెనక మడత పడే చోట రాసుకుని చిరుగుతుంది, కొత్తది 1,500 అయింది. క్లచ్ ఒకసారి, 1,300. ఆయిల్ కొద్దికొద్దిగా తాగుతుంది, రెండుసార్లు గ్యాస్ (పెట్రోలు) కొట్టించాక ఒకసారి డిప్‌స్టిక్ చూడటం అలవాటు చేసుకోవాలి, అది మానేస్తే ఇంజను క్షమించదు. గ్యాస్ కూడా ప్రీమియమే. బానెట్ అల్యూమినియం, వడగళ్ళు పడితే సొట్టలు తీయడం కష్టం. అందుకే డాలస్‌లో వసంతకాలమంతా ఇది గ్యారేజీలో, ఇంటి బండి బయట. మా ఆవిడ దానికి ఒప్పుకోవడం వల్లే ఈ కారు ఇలా ఉంది, అది ఇక్కడ రాయాలి. ఇన్సూరెన్స్ మామూలుది కాకుండా అగ్రీడ్ వాల్యూ పాలసీ తీసుకోండి. కారు పోతే ఎంత ఇవ్వాలో ముందే కాగితం మీద రాసుకుంటారు. మామూలు పాలసీలో ఇరవై ఏళ్ల కారుకి వాళ్లు కట్టే ధర చూస్తే ఏడుపొస్తుంది.

అన్నీ కలిపి, గ్యాసూ ఇన్సూరెన్సూ కాక, పదేళ్లలో 9,800 పెట్టాను. అంటే 22,500కి అమ్మినా చేతికి లాభం రాదు. 2,800 డాలర్ల ఖర్చుతో పదేళ్లు నడిపినట్టు. నాకు అది చాలా చవక. డబ్బు పెరుగుతుందని కొనేవాళ్లకి మాత్రం ఇది సరైన కారు కాదు, ఎందుకంటే ధర పడకూడదని నడపకుండా దాచిన కారుకి సీళ్లు ఎండిపోయి, టైర్లు గట్టిపడి, అదో రకం ఖర్చు.

ఏపీ1 కొనాలా ఏపీ2 కొనాలా అని అడుగుతుంటారు. రోజూ ఆఫీసుకి వాడేట్టయితే 2004 నుంచి వచ్చిన 2.2 లీటర్ల ఏపీ2 మేలు, తక్కువ ఆర్‌పీఎంలో లాగుడు ఎక్కువ, వెనక భాగం కూడా నెమ్మది. ఆదివారం పొద్దున్న కోసమైతే ఏపీ1. అందులోనూ 2002, 2003 చూడండి, వెనక కిటికీ ప్లాస్టిక్ పోయి గాజుది వచ్చింది.

పోయిన నెల వచ్చినతనికి ముప్పై ఏళ్లు ఉండవు. వచ్చీ రాగానే జేబులోంచి టార్చి తీసి స్టిక్కర్లు లెక్కపెట్టాడు, డిప్‌స్టిక్ లాగి చూశాడు, ఆ తర్వాతే కూర్చున్నాడు. ఫైలు మొదటి పేజీ నుంచి తిప్పుతూ ఫోర్ట్ వర్త్ ఆయన చేతిరాత, ఆ తర్వాత నాది దాటి ఒక చోట ఆగాడు. ఆ పేజీ ఏ భాషలో ఉందని అడిగాడు. ఆర్టీసీలో రాసుకున్న అలవాటుతో ఆ రోజు నాన్న రాసిన పేజీ అది. చదివి అర్థం చెప్పాను: "17-7-2017. 78,400 మైళ్లు. గొలుసు బిగించే సామాను మార్చాం. బండి నడిపి చూశాం. చప్పుడు లేదు."