ఓయెజ్: టెక్సాస్ నియోజకవర్గ సరిహద్దుల వాదనలు వినదలచినవారికి

జనగణనల నడుమ, 2003లో టెక్సాస్ శాసనసభ అమెరికా ప్రతినిధుల సభ నియోజకవర్గాలను తిరగగీయడంపై నడిచిన వ్యాజ్యంలో, 2006 మార్చి 1న అమెరికా సుప్రీంకోర్టులో జరిగిన వాదనలను, ఆ కోర్టు వాదనల ధ్వనిముద్రణలు ఉంచే ఓయెజ్ వెబ్‌సైటు ఉచితంగా వినిపిస్తుంది. ధ్వనితోపాటే రాతప్రతి కదులుతుంది కనుక ఏ న్యాయమూర్తి ఎవరిని మధ్యలో ఆపి ప్రశ్నిస్తున్నారో తికమక లేకుండా తెలుస్తుంది. న్యాయ విద్యార్థికి ఇంతకంటే మంచి తరగతి గది దొరకదని నా అభిప్రాయం. జనగణనల నడుమ తిరగగీయడమే తప్పు కాదన్న కోర్టు, లారెడో నగర ప్రాంతాన్ని చీల్చి లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) ఓటర్ల బలం తగ్గించిన 23వ నియోజకవర్గాన్ని మాత్రం ఓటింగులో జాతి వివక్షను నిషేధించే ఓటు హక్కుల చట్టానికి విరుద్ధమని తేల్చింది. పక్కన టెక్సాస్ పటం పెట్టుకోకపోతే ఈ భాగం బోధపడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభ స్థానాల పునర్విభజన కోరిన పిటిషన్‌ను 2026 తర్వాతి తొలి జనగణన దాకా పునర్విభజన అక్కర్లేదన్న రాజ్యాంగ 170వ అధికరణ చూపి మన సుప్రీంకోర్టు 2025 జూలైలో కొట్టివేసిన తీర్పు చదివినవారు దీన్ని తప్పక వినాలి.