అవగాడ్రో, ఓర్కా: ఎలక్ట్రాన్ సాంద్రతను తెరపై చూపే రెండు ఉచిత సాఫ్ట్‌వేర్లు

శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ విద్యార్థులకు క్వాంటమ్ రసాయన శాస్త్రం చెప్పడానికి నేను అవగాడ్రో, ఓర్కా అనే రెండు సాఫ్ట్‌వేర్లను జతగా వాడుతున్నాను. అవగాడ్రోలో అణువును గీసి, ఓర్కాకు కావలసిన ఇన్‌పుట్ ఫైలును సిద్ధం చేసుకోవచ్చు. లెక్క కట్టే పని ఓర్కాది. వచ్చిన ఆర్బిటాళ్లనూ (ఒక్కో ఎలక్ట్రాన్ స్థితిని వర్ణించే ప్రమేయాలనూ) ఎలక్ట్రాన్ సాంద్రతనూ (ఎలక్ట్రాన్లు ఎక్కడ ఎంత దట్టంగా ఉన్నాయో తెలిపే విలువనూ) మళ్లీ అవగాడ్రోలోనే చూడవచ్చు. అవగాడ్రో అందరికీ ఉచితం. జర్మనీలో ఫ్రాంక్ నీసే బృందం రూపొందించిన ఓర్కా విద్యాసంస్థల్లోని వారికి ఉచితం, పేరు నమోదు చేసుకోవాలి. ఒకసారి దించుకున్న తర్వాత ఇంటర్నెట్ అక్కరలేదు కనుక టెక్కలి, నరసన్నపేట వైపు పల్లెల నుంచి వచ్చే పిల్లలు ఇంటి దగ్గర కూడా సాధన చేసుకోగలుగుతున్నారు. చిన్న అణువులకు మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది.

ఈ జత అసలు విలువ నీటి అణువు దగ్గరే తెలుస్తుంది. ఆక్సిజన్ మీద సరిసమానమైన రెండు ఒంటరి జంటలు (బంధంలో పాల్గొనని ఎలక్ట్రాన్ జంటలు) ఉంటాయని మన పిల్లలు డిగ్రీ దాకా చదువుకుని వస్తారు. లెక్క పూర్తయ్యాక తెరపై చూస్తే, నిండిన ఆర్బిటాళ్లలో అత్యధిక శక్తి గలది అణుతలానికి పైనా కిందా రెండు లోబ్‌లుగా కనిపిస్తుంది. రెండవది అంతకంటే తక్కువ శక్తితో, వేరే ఆకారంలో, ఆ తలం వెంబడే ఉంటుంది. కాంతితో ఎలక్ట్రాన్లను వెలికితీసి కొలిచే ఫోటోఎలక్ట్రాన్ వర్ణపటం కూడా ఈ తేడానే చూపుతుంది: మొదటి ఎలక్ట్రాన్‌ను 12.6 ఎలక్ట్రాన్ వోల్టులతో తొలగించవచ్చు, తర్వాతి స్థాయికి ఇంకా ఎక్కువ కావాలి. అయితే పాఠ్యపుస్తకం చెప్పింది తప్పా అని పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. అప్పుడు ఓర్కాలోనే ఉన్న ఫాస్టర్-బాయ్స్ పద్ధతితో ఆర్బిటాళ్లను స్థానీకరించి, అంటే ఒక్కోదాన్ని వీలైనంత చిన్న చోటికి కుదించి, చూపిస్తే, పుస్తకంలోని ఆ రెండు సమాన జంటలే తెర మీదికి వస్తాయి. ఆ తర్వాత రెండు సందర్భాల్లోనూ మొత్తం ఎలక్ట్రాన్ సాంద్రతను గీయించాలి. ఏ మార్పూ కనిపించదు. నిండిన ఆర్బిటాళ్లను తమలో తాము ఇలా కలిపి తిప్పినందువల్ల అణువు తరంగ ప్రమేయం (ఎలక్ట్రాన్లన్నిటినీ కలిపి వర్ణించే ప్రమేయం) గానీ సాంద్రత గానీ మారవన్న సూత్రాన్ని నల్లబల్ల మీద రాసి నిరూపించడం సులభమే కానీ, ఇలా కళ్లతో చూసిన విద్యార్థి దాన్ని మరచిపోడు.

సాంద్రతకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, నీటి అణువులోని 10 ఎలక్ట్రాన్ల తరంగ ప్రమేయానికి స్పిన్‌ను పక్కన పెట్టినా 30 నిరూపకాలు కావాలి, సాంద్రతకు 3 చాలు. పైగా ఎక్స్-కిరణాల వివర్తనంతో సాంద్రతను ప్రయోగశాలలో కొలవవచ్చు. భూస్థాయి శక్తిని (అణువుకు ఉండగల అతి తక్కువ శక్తిని) సాంద్రతే నిర్ణయిస్తుందని శాస్త్రవేత్తలు హోహెన్‌బర్గ్, కోన్ 1964లో నిరూపించారు. 1998లో కోన్‌కు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. సాంద్రతను బొమ్మగా చూడనివాళ్లకు ఈ వరుసంతా పొడి చరిత్రలాగే మిగిలిపోతుందని నా అభిప్రాయం.

ఇక లోపాలు. ఆర్బిటాల్ బొమ్మలోని రెండు రంగులు ప్రమేయపు ధన, రుణ గుర్తులను మాత్రమే తెలుపుతాయి. విద్యుదావేశంతో వాటికి సంబంధం లేదు. ఈ మాట తెర మీద ఎక్కడా రాసి ఉండదు కనుక బోధించేవారే ముందుగా చెప్పాలి. బొమ్మలో కనిపించే ఉపరితలాన్ని గీయడానికి ఎంచుకునే సాంద్రత లేదా ఆర్బిటాల్ విలువ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. అది కొండ చుట్టూ ఒకే ఎత్తులో గీసిన కాంటూరు రేఖ వంటిది. సాంద్రతకు 0.001 పరమాణు ప్రమాణాలు తీసుకుంటే దాదాపు అణువంతా లోపల ఇముడుతుంది, విలువను బాగా పెంచితే ఆక్సిజన్ చుట్టూ చిన్న గోళమే మిగులుతుంది. అణువు "పరిమాణం" అంటూ ఒక్క బొమ్మ చూపి వదిలేయకుండా, ఈ విలువను పిల్లల చేతనే మార్పించాలి.

ఓర్కా ఫలితాన్ని అవగాడ్రో చదవగలిగే మోల్డెన్ అనే రకం ఫైలుగా మార్చే మెట్టు కూడా కొత్తవారికి కష్టం. అది కమాండ్ విండోలో టైపు చేసి చేయవలసిన పని. కంప్యూటర్ అలవాటు లేని విద్యార్థి అక్కడే ఆగిపోతాడు. ఒక్క ల్యాప్‌టాప్, ఒక్క ప్రొజెక్టర్ ఉన్న కళాశాలలో అధ్యాపకులు ఆ ఫైళ్లను ముందు రోజే సిద్ధం చేసుకుని తరగతికి వెళ్లడం మంచిది. అప్పుడు గంట సమయమంతా సాంద్రత మీదే గడపవచ్చు.