టైటానియం పొడిలో ఏ కార్బన్ కలిపితే మేలు?

లోహం బలం పెంచడానికి నానోట్యూబులా (కార్బన్‌తో చేసిన అతి సన్నటి గొట్టాలు), గ్రాఫీనా (అతి పల్చటి కార్బన్ రేకు)? ఈ ప్రశ్న అడిగిన మెటలర్జీ విద్యార్థిని నేను ముందు ఫర్నేస్ గురించే అడుగుతాను. రాగిలో కలిపిన కార్బన్ కార్బన్‌లాగే ఉండిపోతుంది. టైటానియం అలా ఉండనివ్వదు, వేడెక్కగానే దాన్ని పట్టుకుని కార్బైడ్‌గా, అంటే టైటానియం-కార్బన్ సమ్మేళనంగా మార్చేస్తుంది. వాక్యూమ్ ఫర్నేసులో 1200 డిగ్రీల దగ్గర గంటలకొద్దీ ఉంచితే ఎంత ఖరీదు పెట్టి కొన్న నానోట్యూబైనా చివరికి కార్బైడ్ రేణువే. స్పార్క్ ప్లాస్మా సింటరింగ్‌లో, అంటే పొడిని నొక్కుతూ కరెంటు పంపి గట్టి ముద్దగా అతికించే పద్ధతిలో, పని నిమిషాల్లో అయిపోతుంది, వేడీ తక్కువే చాలు. అందుకే అక్కడ కార్బన్ కొంతైనా మిగులుతుంది.

బిగువు లెక్కల్లో నానోట్యూబుకు తిరుగులేదు. టైటానియం స్థితిస్థాపక గుణకం (ఎంత బిగువో చెప్పే కొలత) దాదాపు 110 గిగాపాస్కల్స్ అయితే దానిది 1000కి దగ్గర. చిక్కంతా కలపడంలోనే. మరిగే నీళ్లలో ఒక్కసారిగా పోసిన రవ్వలా ట్యూబులు ఉండలు కడతాయి. నమూనాను పాలిష్ చేసి మైక్రోస్కోపు కింద పెడితే బూడిదరంగు లోహం మధ్య ఒక నల్ల చుక్క, దాని అంచున సన్నటి ఖాళీ కనిపిస్తాయి. లాగినప్పుడు పగులు మొదలయ్యేది అక్కడే. పోనీ గుండ్లతో పొడిని బాదే బాల్ మిల్లులో గంటలపాటు తిప్పుదామా అంటే ట్యూబులు విరుగుతాయి, విరిగిన చోటే కార్బైడ్ త్వరగా పుడుతుంది. జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయంలో కోండో బృందం మిల్లు బాదుడు లేకుండా, సబ్బులాంటి పదార్థం కలిపిన నీళ్లలో ట్యూబులను విడదీసి పొడి రేణువులకు పూతలా పట్టించింది. నాకు బాగా నచ్చిన దారి ఇదే.

గ్రాఫీన్ పలుకులు రేణువు ఒంటికి పొరలా అతుక్కుంటాయి కాబట్టి కలపడం తేలిక. మోతాదు మించితే మాత్రం పొర మీద పొర పడి జారుతుంది.

స్పార్క్ ప్లాస్మా యంత్రం అందుబాటులో ఉంటే నా ఓటు గ్రాఫీన్‌కే. లేకపోతే నానో సరుకు కొనకండి. మామూలు కార్బన్ బ్లాక్ (మసిలాంటి చవక కార్బన్ పొడి) కలిపి కార్బైడ్‌నే ఉద్దేశపూర్వకంగా పుట్టించండి, డబ్బు మిగులుతుంది.

ఇంకొక మాట. విమానాల్లో వాడే సిక్స్-ఫోర్ మిశ్రమంలో (టైటానియంలో 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం) కార్బన్ 0.08 శాతం దాటకూడదని ప్రమాణం. మనం 0.3 శాతం కలిపామంటే ఆ హద్దుకు దాదాపు నాలుగింతలు. అందుకే బలం ఎంత పెరిగిందో రాసేటప్పుడు, తెగేలోపు ఎంత సాగిందో కూడా పక్కనే రాయండి. సిక్స్-ఫోర్ కడ్డీ కనీసం 10 శాతం సాగాలి. మీది రెండు మూడు శాతానికే తెగుతుంటే తర్వాతి ప్రయోగంలో కార్బన్ సగానికి తగ్గించండి.