చర్చి చూడ్డానికి చీరా, చుడీదారా, జీన్సా?

గుంటూరు నుంచి మా అక్కావాళ్లు వచ్చినప్పుడల్లా చార్మినార్, గోల్కొండ అయిపోయాక మూడో రోజు ఎక్కడికెళ్లాలన్నది పెద్ద చర్చ. ఈసారి గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ కెథెడ్రల్ చూసి, అక్కణ్నుంచి సికింద్రాబాద్ సెయింట్ మేరీస్‌కి వెళ్దామన్నాను. మొదటిది 1870ల్లో కట్టింది. రెండోదానికి 2008లో బసిలికా హోదా, అంటే పోప్ తరఫున ఇచ్చే ప్రత్యేక గుర్తింపు, వచ్చింది. అక్క ఇవేవీ పట్టించుకోలేదు. "చీర కట్టుకోనా, డ్రెస్ చాలా?" అని మాత్రం అడిగింది. బావ అప్పటికే షార్ట్స్‌లో రెడీ.

మా పక్కింటి ఆంటీ వాళ్లు ఆర్‌సీఎం, అంటే రోమన్ కేథలిక్కులు. ఆవిడ్ని అడిగితే ఒక్క ముక్కలో తేల్చేశారు: "భుజాలు, మోకాళ్లు కనపడకుండా ఉంటే చాలమ్మా. మిగతాది నీ ఇష్టం." రోమ్‌లో పోప్ ఉండే వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి గుమ్మం దగ్గర కూడా చూసేది ఇదే. కాకపోతే అక్కడ సెక్యూరిటీవాళ్లు నిలబడి చూస్తారు, మన దగ్గర పూజకొచ్చిన (కేథలిక్కులు చర్చిలో జరిగే మాస్‌ని అలాగే అంటారు) పెద్దావిడ ఓరకంట చూస్తుంది. నన్నడిగితే రెండోదే ఎక్కువ టెన్షన్.

ముందు చీర సంగతి. ఆదివారం పూజకు వెళ్లే మన ఆడవాళ్లలో చాలామంది చీరలోనే కనిపిస్తారు కాబట్టి అందరిలో కలిసిపోతాం. కొంగు తల మీదికి లాక్కోవచ్చు కూడా. కానీ చీర కట్టుకుంటే చాలు పద్ధతిగా ఉన్నట్టే అనుకోవడం పొరపాటు. వీపంతా కనిపించేలా తాళ్లు కట్టిన స్లీవ్‌లెస్ బ్లౌజు కంటే మోచేతుల దాకా ఉన్న మామూలు కుర్తీ చాలా నయం. పైగా చర్చి ఒక్కటే చూసి ఇంటికి రాం కదా. ఆటో, మెట్రో, మధ్యలో కోఠీలో షాపింగ్, అన్నీ ఆ కుచ్చిళ్లతోనే. రోమ్‌లో అయితే సెయింట్ పీటర్స్ గోపురం పైదాకా నడిచి ఎక్కితే 551 మెట్లు. చివర్లో గోడ ఒక పక్కకి వంగి, మనిషి కూడా వంగి నడవాల్సినంత ఇరుకు. అక్కడ పట్టుచీరలో ఇరుక్కోవడం నా శత్రువుకి కూడా వద్దు.

చుడీదార్ గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. కాటన్‌ది అయితే ఎండకి హాయి, మోకాళ్ల మీద కూర్చోవాల్సి వచ్చినా ఇబ్బంది లేదు.

అసలు పేచీ జీన్స్ దగ్గరే. జీన్స్ వేసుకుంటే తప్పేమో అని మనవాళ్లకో అనుమానం. తప్పేం లేదు. మోకాలి దగ్గర చిరుగులున్న ఫ్యాషన్ జీన్స్ మాత్రం వద్దు. కప్పాల్సిన చోటే కిటికీలు పెట్టినట్టుంటుంది. నా ఓటు జీన్స్, పొడుగు కుర్తీ, బ్యాగ్‌లో ఒక చున్నీ. ఆ చున్నీ ఉంటే కుర్తీకి చేతులు లేకపోయినా నడుస్తుంది. నేను రోమ్ వెళ్లింది జులైలో. ఎండ మండిపోతోంది, క్యూలో సగం మంది స్లీవ్‌లెస్‌లోనే ఉన్నారు. బయట స్కార్ఫులు అమ్మేవాళ్ల పంట పండింది. నా ముందున్న ఇద్దరమ్మాయిలు అప్పటికప్పుడు కొనుక్కుని భుజాలకు చుట్టుకున్నారు. నేను కోఠీలో బేరమాడి కొన్న చున్నీ తీసి కప్పుకున్నాను.

చున్నీ తల మీద వేసుకోవాలా అని చాలామంది అడుగుతారు. ఒకప్పుడు నియమం ఉండేది. 1917 నాటి కేథలిక్ చర్చి చట్టంలో ఆడవాళ్లు తల కప్పుకోవాలని, మగవాళ్లు తల మీద ఏమీ లేకుండా ఉండాలని రాశారు. 1983లో వచ్చిన కొత్త చట్టంలో ఆ మాట లేదు. మన దగ్గర ఆడవాళ్లు అలవాటుగా కొంగో చున్నీయో వేసుకుంటారు. చూడ్డానికి వెళ్లినవాళ్లు వేసుకోకపోయినా ఎవరూ ఏమీ అనరు. పూజ జరుగుతుంటే మాత్రం నేను వేసుకుంటాను, నలుగురితో పాటు.

మగవాళ్ల విషయంలో పోలికే అక్కర్లేదు, ఫుల్ ప్యాంటు వేసుకోండి. మోకాలు దాటిన త్రీఫోర్త్‌ని ఆపకపోవచ్చు, కానీ కూర్చుంటే పైకి పోతుంది. గోవాలో ఒక పాత చర్చి దగ్గర మా తమ్ముణ్ని షార్ట్స్‌తో లోపలికి రానివ్వలేదు. మేమంతా చూసి వచ్చేదాకా వాడు బయట చెట్టు కింద కొబ్బరిబొండం తాగుతూ కూర్చున్నాడు. టోపీ అయితే గుమ్మం దగ్గరే తీసెయ్యాలి. హైదరాబాద్ మగవాళ్లు తికమకపడేది ఇక్కడే. దర్గాకి వెళ్తే జేబురుమాలు తలకి కట్టుకుంటాం, గురుద్వారాలోనూ అంతే. చర్చిలో పూర్తిగా రివర్స్.

చెప్పులకు అన్ని చోట్లా ఒకే పద్ధతి లేదు. గుమ్మం దగ్గర గుట్టగా విడిచి ఉంటే మీరూ విడవండి, లేకపోతే వేసుకునే వెళ్లండి. అందుకే లేసుల బూట్ల కంటే మామూలు చెప్పులే సుఖం.

మెదక్ చర్చిక్కూడా ఇవే బట్టలు సరిపోతాయి. అది కేథలిక్ కాదు, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అనే ప్రొటెస్టెంట్ సంఘం వాళ్లది. అక్కడ భుజాలు, మోకాళ్లు కొలిచేవాళ్లు లేకపోయినా, నిండుగా వెళ్తే పోయేదేం లేదు.

చివరికి అక్క జీన్స్, కుర్తీ, ఆకుపచ్చ చున్నీతో బయల్దేరింది. బావ గొణుగుతూనే ప్యాంటు మార్చుకున్నాడు. గన్‌ఫౌండ్రీలో మేం వెళ్లేసరికి పూజ నడుస్తోంది. అటూ ఇటూ తిరక్కుండా చివరి బెంచీలో కూర్చున్నాం. ముందు వరసలో ముసలావిడ కొంగు సర్దుకోవడం చూసి అక్క కూడా చున్నీ తల మీదికి లాక్కుంది. పక్కకి తిరిగి చూస్తే, బావ జేబురుమాలు తీసి భక్తిగా తలకి కట్టుకుంటున్నాడు. మోచేత్తో పొడిచి తీయించాను.